సంస్మరణ పేజీ సర్వీసు: మా అక్క రాసిన వాక్యం తీసేశారు

పోయినవాళ్ల పేరు మీద ఆన్‌లైన్‌లో ఒక పేజీ పెట్టి, అయినవాళ్లు రాసినవన్నీ చివర్లో చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇచ్చే సర్వీసు ఇది. మా పెదనాన్న పోయిన వారానికి తీసుకున్నాం. వాడటం తేలికే. ఫోటోలు ఎక్కించడం, గొంతు రికార్డు చేసి పెట్టడం పెద్దమ్మకి కూడా కష్టం కాలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి బూతులు రాస్తే గంటలో తీసేశారు. అందుకు వాళ్లకి నిజంగా రుణపడి ఉన్నాం.

నా బాధల్లా తర్వాత జరిగినదాని గురించి. పెదనాన్న కూతురు, మా అక్క, పేజీలో ఇలా రాసింది: "నాన్న నన్ను ఇంటర్‌తో చదువు మానిపించాడు. చూపు తగ్గాక ఆయనకి రోజూ పేపరు నేనే చదివి వినిపించాను." తెల్లారేసరికి రెండో వాక్యం ఒక్కటే మిగిలింది. ఒక మాట అడగలేదు, తీసేశామని చెప్పనూ లేదు. మొదటిది లేకపోతే రెండోది ఏదో సేవ చేసిన కూతురి మాటలా ఉంది. అక్క చెప్పింది అది కాదు.

ఫోన్ చేస్తే, "పోయినవారి గురించి చెడు రాయకూడదండీ, మా పాలసీ" అన్నారు. ఈ నియమం పాతదే. గ్రీకు జ్ఞాని ఖిలోన్ చెప్పాడంటారు, రెండున్నర వేల ఏళ్లకు పైమాటే. మనకీ "మరణాంతాని వైరాణి", అంటే పగలన్నీ చావుతోనే సరి, అనే మాట ఉంది. కానీ యుద్ధకాండలో రాముడు ఆ మాట ఎక్కడ అన్నాడో చూడండి. రావణుడికి సంస్కారం చేయనని విభీషణుడు వెనకాడినప్పుడు. ఆ సందర్భంలోనే, రావణుడు అధర్మపరుడే, అబద్ధాలాడినవాడే అని కూడా రాముడు ఒప్పుకున్నాడు, శూరుడనీ అన్నాడు. పగ చాలించమన్నాడే తప్ప, జరిగింది దాచమనలేదు.

పోయిన మనిషి సంజాయిషీ చెప్పుకోలేడు కదా అని మా బాబాయి అన్నాడు. ఆ మాట నన్ను రెండు రోజులు ఆలోచనలో పడేసింది. అయితే బతికుండగా అక్క ఆయన్ని రెండుసార్లు అడిగింది, "ఎందుకు మానిపించావు నాన్నా" అని. రెండుసార్లూ ఆయన పేపర్లో పేజీ తిప్పాడు. ఇక ఇప్పుడు ఆమె ఎవరిని అడగాలి? దుఃఖంలో ఉన్న ఇంటికి బయటివాళ్లు వచ్చి తప్పులెన్నడం వేరు, ఆయనతో బతికిన మనిషి తన బతుకులో ఏం జరిగిందో రాసుకోవడం వేరు. ఈ తేడా తెలియని సర్వీసుకి ఇలాంటి పని అప్పగించడం కష్టం. కనీసం తీసేసే ముందు రాసినవాళ్లని అడగాలి, నిర్ణయం ఇంటివాళ్లకి వదలాలి.

నాలుగు మెయిళ్లు, తొమ్మిది రోజుల టెన్షన్ తర్వాత వాక్యం తిరిగి పెట్టారు. అప్పటికే పుస్తకాలు అచ్చయి వచ్చేశాయి. కాగితం, కుట్టు బాగున్నాయి. పదకొండో పేజీలో ఆ వాక్యం లేదు.

అక్క తన కాపీలో పైన ఖాళీ చూసుకుని పెన్నుతో రాసుకుంది. పెద్దమ్మ చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన కాపీ కూడా ముందుకు జరిపి, "ఇందులోనూ రాయవే" అంది.