బత్తాయి బంక తెగులు: బోర్డో పేస్టా, మెటలాక్సిలా?

తొలకరి దగ్గర పడిందంటే చాలు, బత్తాయి రైతులు అడిగేది ఇదే. మొదలు దగ్గర బంక కారుతోంది, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయాలా, మెటలాక్సిల్ అనే తెగులు మందు పోయాలా? పోయిన వానాకాలం మా తోటలో 11 చెట్లకు ఇదే తెగులు వచ్చింది. రెండూ వాడాను.

మందు కొనే ముందు పాదులో జానెడు లోతు మట్టి తీసి, ఒక పిల్లవేరును రెండు వేళ్ళతో పట్టి లాగండి. పై తోలు జారి చేతికొచ్చి లోపల దారంలాంటి నార మిగిలితే తెగులు వేర్లకు దిగినట్టే. ఏ మందు వాడాలో నేను దీన్ని చూసే తేల్చుకుంటాను.

వేర్లు బాగుండి బెరడు మాత్రమే కుళ్ళితే బోర్డో పేస్టే మేలు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా అయిదేసి లీటర్ల నీళ్ళలో, ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత ఒకటి చేయాలి. అందులో ముంచిన కొడవలికి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం వేయాలి. కుళ్ళిన బెరడును మంచి బెరడు తగిలేదాకా చెక్కి, నేల నుంచి 2, 3 అడుగుల ఎత్తు వరకు పూయాలి. చెక్కిన పెచ్చులు పాదులో వదలొద్దు, కాల్చేయండి. ఖర్చు తక్కువ, పైగా ఏళ్ళ తరబడి వాడినా పని చేస్తుంది.

అయితే పేస్టు వేర్లను కాపాడలేదు. అక్కడ మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2.5 గ్రాములు కలిపి పాదు తడిసేలా పోయాల్సిందే. ఏటా అదే పోస్తే మాత్రం తెగులు దానికి తట్టుకోవడం నేర్చుకుంటుంది. మధ్యలో ఫోసెటైల్ అనే మరో మందు మార్చి వాడుకోవచ్చు. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం ముందు జాగ్రత్తకు మంచిదే, తెగులు ముదిరిన చెట్టును బతికించదు.

కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పోసి డబ్బులు పోగొట్టుకోకండి. ఈ తెగులు తెచ్చే ఫైటోఫ్థొరా అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజు. దాని మీద ఆ మందు పని చేయదు. దీని బీజాలకు తోకలుంటాయి, తడి మట్టిలో ఈదుకుంటూ వేరును చేరతాయి. మాకు బంక కారిన చెట్లన్నీ పల్లపు వరుసలోవే, వాన నీళ్ళు రెండేసి రోజులు నిలిచేచోట. మొదలును నీళ్ళు తాకుతున్నంత కాలం ఏ మందు పోసినా దండగే.

అందుకే ముందు ఆ వరుసకు కాలువ తీయించాను. జోడు పాదులు (నీళ్ళు మొదలును తాకకుండా లోపల ఒక గట్టు, బయట ఒక గట్టు) చేయించి, అంటు కట్టు మట్టిలో కూరుకోకుండా చూసి, డ్రిప్పర్లను మొదలుకు రెండున్నర అడుగుల దూరం జరిపాను. ఎనిమిది చెట్లు పేస్టుతోనే కోలుకున్నాయి. వేరు కుళ్ళిన మూడింటికి మెటలాక్సిల్ పోస్తే రెండు చిగురు వేశాయి, ఒకటి ఎండిపోయింది. ఈసారి వానలకు ముందే తోటంతా పేస్టు పూయించాను, వానలు తగ్గాక మరోసారి పూయిస్తాను.