టెర్మినల్ లేకుండా టెర్మినల్ ప్రోగ్రాం నడపాలంటే: నోహప్, టీమక్స్, ఎక్స్‌పెక్ట్... ఏది మేలు?

పగలు నేను కూర్చుని నడిపితే బుద్ధిగా నడిచిన స్క్రిప్టు, రాత్రి రెండింటికి క్రాన్ (చెప్పిన వేళకు పనులు తనే నడిపే ప్రోగ్రాం) నడిపితే మొరాయించింది. పని చిన్నదే. ఒక ఆఫీసులో కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లలోకి ఒక్కొక్కటిగా లాగిన్ అయి, కాన్ఫిగరేషన్ తెచ్చి దాచాలి. మూడు రోజులు వరసగా పొద్దున్నే చూస్తే ఫైలు ఖాళీ. లాగ్‌లో ఒక్కటే ముక్క: ‘ఇనప్రోప్రియేట్ అయోక్టల్ ఫర్ డివైస్’. అంటే, నువ్వు టెర్మినల్ అనుకుంటున్నది టెర్మినల్ కాదు నాయనా అని. ఎప్పుడో పాస్‌వర్డ్ కనపడకుండా ఉండాలని పెట్టిన ఎస్‌టీటీవై (టెర్మినల్ సెట్టింగులు మార్చే కమాండ్) లైను ఒకటి స్క్రిప్టు మొదట్లో మిగిలిపోయింది. దానికి టెర్మినల్, అంటే మనం కమాండ్లు టైపు చేసి జవాబులు చూసే తెర, కావాలి. క్రాన్ దగ్గర అది లేదు.

ఇలాంటి గొడవ వచ్చినప్పుడు చాలామంది ముందు పట్టుకునేది నోహప్‌ని. అది చేసేది ఒక్కటే. మనం లాగౌట్ అయినప్పుడు వచ్చే హ్యాంగప్ సిగ్నల్‌ని ప్రోగ్రాం పట్టించుకోకుండా చేస్తుంది. మోడెమ్ లైను తెగితే చెప్పడానికి పుట్టిన సిగ్నల్ అది, పేరు ఇంకా అలాగే ఉంది. గంటల తరబడి నడిచే కాపీ పనికి నోహప్ చాలు. కానీ అది టెర్మినల్‌ని ఇవ్వదు. ప్రోగ్రాం ‘అవునా, కాదా?’ అని అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. నా సమస్యకు అది మందు కాదు.

స్క్రిప్ట్ అనే పాత కమాండ్ ఇంకో మెట్టు ఎక్కుతుంది. ప్రోగ్రాంకి ఉత్తుత్తి టెర్మినల్ ఒకటి కట్టి ఇస్తుంది. చాలా ప్రోగ్రాంలు తమ అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతోందా, పైపులోకి (ఇంకో ప్రోగ్రాంకి అందించే దారిలోకి) పోతోందా అని చూసుకుని పద్ధతి మార్చుకుంటాయి. టెర్మినల్ అయితే లైను లైనుకీ బయటికి వదులుతాయి, పైపు అయితే కిలోబైట్ల కొద్దీ కూడబెట్టి ఒక్కసారి కుమ్మరిస్తాయి. లాగ్ ఖాళీగా ఉంది, ప్రోగ్రాం వేలాడిపోయిందేమో అని మనం టెన్షన్ పడేది చాలాసార్లు ఇందుకే. అక్కడ ఈ స్క్రిప్ట్ కమాండ్ బాగా పనికొస్తుంది. ఒక చికాకు ఉంది: లైనక్స్‌లో రాసే తీరు వేరు, మ్యాక్‌లో వేరు.

టీమక్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను మొదట దానికే పడిపోయాను. మనం లాగౌట్ అయినా లోపలి టెర్మినల్‌ని బతికించి ఉంచే ప్రోగ్రాం అది, 1987 నాటి స్క్రీన్ అనే ప్రోగ్రాంకి 2007లో వచ్చిన తమ్ముడు లాంటిది. ఎవరూ అతుక్కోని (ఏ మనిషి తెరకూ తగిలించని) సెషన్ తెరిచి, సెండ్‌కీస్‌తో బయటి నుంచి మీటలు నొక్కించవచ్చు. తెర మీద ఏముందో క్యాప్చర్‌పేన్‌తో లాగవచ్చు. కావాలంటే మనమే లోపలికి వెళ్లి కళ్లారా చూసుకోవచ్చు, ఈ సుఖం నోహప్‌లో, స్క్రిప్ట్‌లో లేదు. కానీ సెండ్‌కీస్‌ది గుడ్డి టైపింగ్. స్విచ్ ప్రాంప్ట్ (ఇక టైపు చెయ్యి అనే గుర్తు) ఇచ్చిందా లేదా దానికి అనవసరం, చెప్పిన అక్షరాలు కొట్టేస్తుంది. నేను మధ్యలో మూడు సెకన్ల స్లీప్ పెట్టాను. ఒక స్విచ్ ఐదు సెకన్లు తీసుకున్న రోజున యూజర్‌నేమ్ దగ్గర పాస్‌వర్డ్ పడింది, అది లాగ్‌లో అందరికీ కనపడేలా కూర్చుంది. ఇంకోటి, ఎవరూ అతుక్కోని సెషన్ మామూలుగా 80 నిలువు వరసలు, 24 అడ్డ వరసల తెర. పొడుగు లైన్లు విరిగిపోయి, నేను వెతికే మాట రెండు ముక్కలైంది. సెషన్ తెరిచేటప్పుడే కొలత ఇస్తే ఇది తీరుతుంది. మెషిన్ రీస్టార్ట్ అయితే మాత్రం సెషన్ గల్లంతే.

ఎక్స్‌పెక్ట్ గుడ్డిగా కొట్టదు, వింటుంది. అమెరికాలోని నిస్ట్ అనే ప్రమాణాల సంస్థలో పనిచేసిన డాన్ లిబెస్ 1990లో బయటపెట్టిన పనిముట్టు ఇది. ఫలానా మాట కనపడితే ఫలానా జవాబు పంపు, ఇన్ని సెకన్లలో కనపడకపోతే తప్పుకో: అంతే దాని వ్యాకరణం. నడిపే ప్రోగ్రాంకి ఉత్తుత్తి టెర్మినల్ తనే కట్టి ఇస్తుంది కాబట్టి క్రాన్ దగ్గర టెర్మినల్ లేకపోయినా లోపలి ప్రోగ్రాంకి తెలియదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) లాంటిది పాస్‌వర్డ్‌ని పైపులో పోస్తే తాగదు, నేరుగా టెర్మినల్‌నే తెరిచి అడుగుతుంది. అక్కడ ఎక్స్‌పెక్ట్ గెలుస్తుంది. (పాస్‌వర్డ్ బదులు కీ ఫైలుతో లాగిన్‌ని స్విచ్ ఒప్పుకుంటే అదే పెట్టండి, పాస్‌వర్డ్ జోలికే పోవద్దు.) జాగ్రత్తలు రెండు. మామూలు గడువు 10 సెకన్లే, నిదానపు పరికరానికి పెంచాలి. టెర్మినల్ కొలత చెప్పకపోతే అది సున్నాగా ఉండిపోవచ్చు, ఎస్‌టీటీవై ఇనిట్ అనే వేరియబుల్‌లో రాసి పెట్టాలి. పేజీ పేజీకీ ‘మోర్’ అని ఆగే సిస్కో స్విచ్‌లకైతే ముందు ‘టెర్మినల్ లెంగ్త్ 0’ పంపితే పీడ పోతుంది.

మరి దీన్ని ఎవరు నడపాలి? క్రాన్ నడపగలదు, కానీ నేను సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) టైమర్‌కి మారాను. విఫలమైతే మళ్లీ ప్రయత్నించమని చెప్పవచ్చు, అవుట్‌పుట్ దాని లాగ్ అయిన జర్నల్‌లో ఉంటుంది, మెషిన్ ఆగి ఉన్న రాత్రి తప్పిన పనిని లేచాక చేయమని చెప్పవచ్చు. టీమక్స్ అభిమానులకు ఇక్కడో మాట: 2016లో సిస్టమ్‌డీ 230వ వెర్షన్, లాగౌట్ కాగానే ఆ యూజర్ ప్రాసెస్‌లన్నిటినీ చంపేయడాన్ని డిఫాల్ట్ చేసింది. చాలా డిస్ట్రోలు దాన్ని ఆపేశాయి. మీ మెషిన్‌లో అది అమల్లో ఉంటే నోహప్ కూడా కాపాడదు, లింగర్ (లాగౌట్ అయినా యూజర్ పనులను ఉండనిచ్చే సెట్టింగు) ఆన్ చేసి, ప్రోగ్రాంని సిస్టమ్‌డీ-రన్‌తో లాగిన్ సెషన్ బయట నడపాలి.

కాబట్టి ఎవరూ చూడని రాత్రి పనికి నా ఓటు సిస్టమ్‌డీ, దాని లోపల ఎక్స్‌పెక్ట్. మధ్యలో మనిషి తొంగిచూడాల్సిన సగం చేతిపనికి టీమక్స్. అసలు ప్రోగ్రాంలోనే ప్రశ్నలు అడగని బ్యాచ్ మోడ్ ఉంటే ఇవేవీ వద్దు. క్రాన్‌లో డాకర్ (ప్రోగ్రాంలను విడి కంటైనర్లలో నడిపే పనిముట్టు) ‘ఇన్‌పుట్ డివైస్ టీటీవై కాదు’ అని ఏడిస్తే ఆప్షన్లలో టీ అక్షరం తీసేస్తే సరిపోతుంది, దానికి టెర్మినల్ కట్టి ఇవ్వనక్కర్లేదు.

ఇప్పుడు రాత్రి దాకా ఆగకుండా పగలే రిహార్సల్ చేస్తున్నాను. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొత్తం ఖాళీ చేసి, సెట్‌సిడ్‌తో టెర్మినల్ తెంచేసి, ఇన్‌పుట్‌ని ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్ నల్‌కి, అవుట్‌పుట్‌ని ఫైలుకి తిప్పి నడుపుతాను. అలా నడిపిన మొదటిసారే ఇంకో లోపం దొరికింది: క్రాన్ పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) లేని ఫోల్డర్‌లో ఉన్న ఎక్స్‌పెక్ట్‌ని ఒట్టి పేరుతో పిలుస్తున్నాను.