మిర్యాలగూడ సాగర్ రోడ్డు లాప్‌టాప్ షాపు: వైఫై బాగైంది, రసీదు మాత్రం అడగకండి

బోర్డు కూడా సరిగ్గా కనబడని చిన్న షటర్ ఇది. ఏసీ లేదు, కూర్చోడానికి ఒకటే స్టూలు. అయినా లాప్‌టాప్‌లో వైఫై సతాయిస్తుంటే నేను ఇక్కడికే పొమ్మంటాను. ఈ తమ్ముడు స్క్రూడ్రైవర్ పట్టకముందే ప్రశ్నలు అడుగుతాడు.

నేను రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. రౌటర్ పక్కన కూర్చుంటే నెట్ బాగానే వచ్చేది. కాటా గదికి పోతే ఒక్కటే గీత. అదే చోట నా ఫోన్‌కు నిండా సిగ్నల్! లారీ కాటా మీద నిలబడి ఉంటుంది, డ్రైవర్ కిటికీలోంచి చూస్తుంటాడు, ఇక్కడ స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంటుంది. ఇక 20వ తారీఖు దగ్గరపడి జీఎస్టీ 3బీ రిటర్న్ వేయాల్సినప్పుడు ఎంత టెన్షనో లెక్కలు రాసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు చూపించిన ఇంకో చోట మదర్‌బోర్డు పోయిందన్నారు, కొత్తది కొనుక్కోమని సలహా కూడా ఇచ్చారు.

ఇక్కడ మొదటి మాట, "అన్నా, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చెయ్యండి." లాప్‌టాప్‌ను దానికి కలిపి, ఫోన్ పట్టుకుని నన్ను రోడ్డు మీదికి నడవమన్నాడు. గుమ్మం దాటానో లేదో నెట్ పడిపోయింది. తప్పు మా రౌటర్‌ది కాదని అప్పుడే తేలిపోయింది. తర్వాత, "ఈ మధ్య దీన్ని ఎవరన్నా విప్పిండ్రా?" అని అడిగాడు. ఎండాకాలంలో బ్యాటరీ మార్పించానని చెప్పాను.

వెనక మూత తీసి నాకే చూపించాడు. చిన్న వైఫై కార్డు, దానికి రావాల్సిన సన్నటి తీగలు రెండు, నల్లదొకటి, తెల్లదొకటి. అవి స్క్రీన్ అంచుల్లో ఉండే యాంటెన్నాల నుంచి వస్తాయట. నల్లది ఊడిపోయి పక్కకు పడి ఉంది. చొక్కా టిచ్ బటన్‌లా నొక్కితే టిక్కుమంది. అంతే, మదర్‌బోర్డు బతికింది!

లాప్‌టాప్ మూసి తెరిస్తే వైఫై గుర్తే మాయమవుతుందని కూడా చెప్పాను. విండోస్‌లో ఉండే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్‌కు పోయి, వైఫై కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేసే టిక్కు తీసేశాడు. ఇది ఇంట్లో మీరే చేసుకోవచ్చు, కాకపోతే కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనబడదు.

సిగ్నల్ పెంచే వైఫై బూస్టర్ కూడా కొనాలా అంటే వద్దన్నాడు. రౌటర్ ఇచ్చే రెండు రకాల వైఫై సిగ్నల్‌లో 5 గిగాహెర్ట్జ్‌ది స్పీడే కానీ గోడలు దాటేటప్పటికి నీరసపడుతుందని, కాటా గదిలో 2.4 గిగాహెర్ట్జ్‌ది వాడుకోమని చెప్పాడు. అమ్మే అవకాశం ఉండి అమ్మకపోవడం నాకు నచ్చింది. తీసుకున్నది 300 రూపాయలు.

నచ్చనివీ ఉన్నాయి. నడిపి చూసి సాయంత్రం ఇస్తానన్నవాడు మర్నాడు మధ్యాహ్నం ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. రసీదు ఇవ్వడు, దాంతో మా సేటుకు చూపించడానికి ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి వోచర్‌కు అంటించాల్సి వచ్చింది.

సాయంత్రమైతే కాలేజీ పిల్లలతో నిండిపోతుంది, పొద్దున పోవడం మేలు. చార్జర్ వెంట తీసుకుపోండి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసివ్వకండి, అక్కడే నిలబడి మీరే కొట్టండి.