ప్రతిసారీ ఫైళ్లు తెరవాలా, ముందే ఇండెక్స్ కట్టాలా?

అప్‌లోడ్ చేసిన పత్రాల్లో ఒక పదం వెతకడానికి పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష) స్క్రిప్ట్‌లో రెండు దారులున్నాయి. వెతికిన ప్రతిసారీ ఫైళ్లన్నీ తెరిచి చూడటం మొదటిది. పది ఇరవై టెక్స్ట్ ఫైళ్లకు ఇది చాలు. వర్డ్, పీడీఎఫ్‌లతోనే చిక్కు. వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫైల్ నిజానికి జిప్‌లో చుట్టిన ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసిన టెక్స్ట్). నేరుగా చదివితే పదం కనపడదు. ప్రతి వెతుకులాటకీ అన్నీ విప్పుతూ పోతే సర్వర్ మీద భారం పెరిగిపోతుంది.

అప్‌లోడ్ అయినప్పుడే టెక్స్ట్ ఒక్కసారి బయటికి తీసి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పెట్టి, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ (ఏ పదం ఏ పత్రంలో ఉందో చెప్పే పట్టిక) కట్టడం రెండోది. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. వేలల్లో ఫైళ్లున్నా జవాబు త్వరగా వస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇన్నోడీబీ ఇంజిన్‌లో ఈ సదుపాయం మైఎస్‌క్యూఎల్ 5.6 వెర్షన్ నుంచి ఉంది. కాకపోతే మామూలు సెట్టింగ్‌లో 3 అక్షరాలకంటే చిన్న పదాలను అది పట్టించుకోదు. ఫైల్ తీసేసినప్పుడు డేటాబేస్‌లోని దాని టెక్స్ట్ కూడా తీసెయ్యాలి, ఇది తేలిగ్గా మర్చిపోయే పని. బొమ్మలుగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకైతే ముందు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చెయ్యకుండా ఏ దారీ పనిచెయ్యదు.