షార్ట్ స్కేల్ బేస్ కొంటారా? ముందు ఇ స్ట్రింగ్ మీటి చూడండి

నా వేళ్లు పొట్టివి. 34 అంగుళాల ప్రెసిషన్ బేస్ గిటార్ మీద మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) నుంచి నాలుగో ఫ్రెట్‌కి చిటికెన వేలు చాపీ చాపీ మణికట్టు పట్టేసింది. విసుగొచ్చి ఒక పొట్టి బేస్ చూద్దామని షాపుకెళ్లాను. సన్నటి జి, డి స్ట్రింగ్‌ల మీద నాలుగు ముక్కలు వాయించి, ఆహా ఎంత హాయిగా ఉందని మురిసిపోయి అక్కడే డబ్బు కట్టేశాను. ఇంటికొచ్చి అన్నిటికంటే లావైన, కింది శ్రుతి ఇ స్ట్రింగ్ మీటితే బట్టలారేసే తాడులా ఊగింది. అందుకే షార్ట్ స్కేల్ తీసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే ముందు ఇ స్ట్రింగ్ సంగతే ఎత్తుతాను.

స్కేల్ అంటే నెక్ చివర తీగ ఆనే నట్ నుంచి బాడీ మీద తీగ ఆనే బ్రిడ్జి శాడిల్ దాకా తీగ మోగే పొడవు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కి పెట్టిన 34 అంగుళాలే ఇప్పటికీ మామూలు కొలత. షార్ట్ స్కేల్ అంటే సుమారు 30. అదే తీగను అదే శ్రుతికి బిగించినప్పుడు పొడవు తగ్గితే టెన్షన్ దాని వర్గం లెక్కన పడిపోతుంది. 34 నుంచి 30కి వస్తే 22 శాతం, 28.6కి దిగితే 29 శాతం తగ్గుతుంది. సన్నటి జి స్ట్రింగ్‌కి ఇది వరమే: వేలికి మెత్తగా ఉంటుంది, బెండ్ చేయడం తేలిక. కానీ 41 హెర్ట్జ్ దగ్గర మోగాల్సిన ఇ స్ట్రింగ్ వదులైపోతుంది. గట్టిగా మీటితే క్షణంపాటు శ్రుతి పైకి జారి, మళ్లీ కిందికొస్తుంది. పోనీ లావు తీగ వేద్దామా అంటే, పొట్టి పొడవు మీద లావు తీగ బిరుసెక్కుతుంది. పై స్వరాల మెరుపు పోయి కింద గుమ్మనే మోతే మిగులుతుంది. ఎడమ చేతికి దక్కే లాభం మాత్రం నిజం. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగోదానికి 34 మీద 5.1 అంగుళాలు, 30 మీద 4.5. చెప్పుకోడానికి అరంగుళం పైచిలుకే, రెండు గంటల ప్రాక్టీసులో దాని విలువ తెలుస్తుంది.

పొట్టిగానే పుట్టిన బేస్‌లు వేరు, పొడుగు క్లాసిక్‌ని కుదించి చేసినవి వేరు. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది.

ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్ స్క్వైర్ చేసే మినీ ప్రెసిషన్ రెండో రకం. స్కేల్ 28.6 అంగుళాలు, చూడటానికి అచ్చం ప్రెసిషనే. పిల్లల చేతికి, ప్రయాణాలకి బాగుంటుంది. ప్రెసిషన్ సౌండ్ కోసమే అయితే వద్దంటాను. ఆ సౌండ్‌లో సగం పికప్‌ది (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం), సగం బిగువుగా ఉన్న పొడుగు తీగది. తీగ పొడవు తగ్గించి పికప్ ఆకారం ఒక్కటీ ఉంచితే ఫొటోలో బాగుంటుంది, అంతే.

ఫెండర్ మస్టాంగ్ బేస్ పుట్టడమే 30 అంగుళాలతో పుట్టింది, 1966లో. లియో ఫెండర్ కంపెనీని సీబీఎస్‌కి అమ్మేశాక వచ్చిన బేస్ అది. విద్యార్థుల కోసమని తెచ్చినా టాకింగ్ హెడ్స్ బ్యాండ్‌లో టీనా వేమౌత్ చేతిలో పడ్డాక దాన్ని పిల్లల బేస్ అనే ధైర్యం ఎవరికుంటుంది? ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు నున్నగా ఉండేవి) వేసి, వేలి మెత్తటి భాగంతో మీటితే, నోటు మొదట్లో గుబుక్కుమని వచ్చి తొందరగా ఆరిపోతుంది. ఇళయరాజా పాటల్లో బేస్ పరుగులు సాధన చేసేవాళ్లకి, పై పొజిషన్ నుంచి కిందికి దూకే చోట్ల, ఆ దగ్గరి ఫ్రెట్‌లు ప్రాణం నిలబెడతాయి. ఇప్పటి పీజే మోడల్‌లో ప్రెసిషన్ బేస్, జాజ్ బేస్ తరహా పికప్‌లు రెండూ ఉంటాయి. బ్యాండ్‌లో వాయించేవాళ్లకి నేను చెప్పేది అదే, ఎందుకంటే బ్రిడ్జి దగ్గరి పికప్ కలిపితే ఇ స్ట్రింగ్‌కి కాస్త అంచు వస్తుంది.

గిబ్సన్ ఇబి-3ది ఇంకో లోకం. 30.5 అంగుళాలు, నెక్ పక్కనే పెద్ద హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్). క్రీమ్ బ్యాండ్‌లో జాక్ బ్రూస్ దాన్ని ఆంప్ గొంతు చించుకునేలా వాయించి తనదైన గొంతు తెచ్చుకున్నాడు. డిస్టార్షన్ లేకుండా, తక్కువ వాల్యూమ్‌లో వాయిస్తే నాకైతే బురదగా వినిపిస్తుంది. పైగా గిబ్సన్ ఎస్‌జీ గిటార్ తరహా బాడీతో చెయ్యి వదిలితే నెక్ కిందికి వాలుతుంది. అభిమానులు కోప్పడతారని తెలుసు.

కుదించిన వాటిలో నాకు నచ్చింది మ్యూజిక్ మ్యాన్ షార్ట్ స్కేల్ స్టింగ్‌రే. 1976 నాటి అసలు స్టింగ్‌రే సంతకం దాని యాక్టివ్ ప్రీయాంప్, అంటే బ్యాటరీతో నడుస్తూ సౌండ్‌ని పెంచి దిద్దే సర్క్యూట్. 30 అంగుళాల దాంట్లో ఆ ట్రెబుల్, బేస్ నాబ్‌లు లేవు. బ్యాటరీ అక్కర్లేని పాసివ్ టోన్ నాబ్, నియోడిమియం అయస్కాంతాల హంబకర్, దాని కాయిల్స్ కలిసే పద్ధతి మార్చే స్విచ్, నొక్కితే పెరిగే బూస్ట్ ఉంటాయి. అంటే పాతదాన్ని జిరాక్స్ తీయలేదు, పొట్టి తీగకి ఏం కావాలో మళ్లీ ఆలోచించారు. స్లాప్ చేస్తే (బొటనవేలితో తీగని కొట్టి వాయిస్తే) పెద్దన్న అంత గణగణ రాదు. ఇ స్ట్రింగ్ మాత్రం నిలబడుతుంది.

తీగల దగ్గర ఒక జాగ్రత్త. మామూలు 34 అంగుళాల సెట్ ఎక్కిస్తే పెగ్ దగ్గరికొచ్చేసరికి ఇంకా లావు భాగమే ఉంటుంది, చుట్టడం కష్టం. షార్ట్ సెట్ అన్నంత మాత్రాన సరిపోతుందనీ లేదు. తీగ బాడీ వెనక నుంచి వచ్చే మస్టాంగ్‌లకి కొన్ని షార్ట్ సెట్లు చాలవు. బాల్ ఎండ్ నుంచి నట్ దాకా కొలుచుకుని, సెట్ మీద రాసిన పొడవుతో పోల్చి కొనండి.

మీ దగ్గర ఇప్పటికే 34 ఉంటే పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేయొచ్చు. ఇ, ఎ, డి, జి తీగలు నాలుగూ ఒక్కో టోన్ (రెండు ఫ్రెట్‌లంత) దించి డి, జి, సి, ఎఫ్‌లకి పెట్టి, రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించండి. మోగే పొడవు 30.3 అంగుళాలవుతుంది, శ్రుతి మళ్లీ మామూలే, ఫ్రెట్‌ల దూరమూ షార్ట్ స్కేల్ లెక్కే. వారం వాయించండి, ముఖ్యంగా డ్రమ్మర్ పక్కన నిలబడి. కిక్ డ్రమ్ మోతలో ఇ స్ట్రింగ్ కలిసిపోయి మీకే వినబడకపోతే పొడుగుదానితోనే ఉండిపోండి. నేను చేసి చూశాక ఆ మొదటి పొట్టిదాన్ని మేనల్లుడికిచ్చేసి మస్టాంగ్ తెచ్చుకున్నాను. ఇంట్లో అదే. రిహార్సల్‌కి మాత్రం ఇప్పటికీ ప్రెసిషన్ మోసుకెళ్తున్నాను.