స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతోందా: బల్బు మార్చాలా, వైరింగ్ సరిచేయాలా?

మా వంటింట్లో 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాం. స్విచ్ ఆపినా రాత్రంతా మసక వెలుగే. లోపం పాతదే. స్విచ్ ఆపినా కొద్దిగా కరెంటు పారుతూనే ఉంది. అంత కొద్ది కరెంటుకు పాత బల్బులోని ఫిలమెంట్ (సన్న తీగ) వెలగదు, ఎల్‌ఈడీ వెలుగుతుంది.

ఖర్చు: బల్బుకు తక్కువ. వైరింగ్‌కు ఎలక్ట్రీషియన్ కూలీ.

శ్రమ: బల్బు నిమిషం పని. వైరింగ్‌కు మెయిన్ ఆపి బోర్డు విప్పాలి.

ప్రమాదం: అసలు సంగతి ఇదే. స్విచ్ ఆపి ఉండగానే ఎలక్ట్రీషియన్ హోల్డర్‌లో టెస్టర్ పెడితే ఎర్రగా వెలిగింది. స్విచ్ ఫేజ్‌కు (కరెంటు తెచ్చే తీగకు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద వేశారు! అందుకే స్విచ్ ఆపినా హోల్డర్ దాకా కరెంటు వస్తూనే ఉంది. బల్బు ఎన్నిసార్లు మార్చినా ఆ షాక్ భయం పోదు.

స్విచ్‌లో ఇండికేటర్ (చిన్న లైటు) ఉంటే దాని గుండా పారే కొద్ది కరెంటుకూ ఎల్‌ఈడీ వెలగొచ్చు. అలా ఉండి, వైరింగ్ సరిగానే ఉంటే వేరే బల్బు పెట్టి చూడండి, లేదా ఇండికేటర్ లేని స్విచ్ వేయించండి. న్యూట్రల్ మీద స్విచ్ ఉంటే మాత్రం వైరింగే సరిచేయించండి. అప్పటిదాకా మెయిన్ ఆపకుండా ఆ బల్బు ముట్టుకోవద్దు.