లైట్ బాక్సా, మిద్దె మీది వెలుతురా?

చికాగోలో ఉండే మా చెల్లెలికి చలికాలం వచ్చిందంటే దిగులు, ఎప్పుడూ నిద్రమత్తు. డాక్టర్ చెప్పారని 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురుకు కొలత) లైట్ బాక్స్ కొనుక్కుంది. చలికాలంలో పగటి వెలుతురు కొరత తీర్చే బాగా ప్రకాశమైన దీపం అది. పొద్దున లేవగానే అరగంట దాని ముందు కూర్చుని కాఫీ తాగుతుంది. కళ్లు తెరిచే ఉంచాలి గానీ, లైటు వైపు సూటిగా చూడకూడదు.

డిసెంబరులో అనంతపురానికీ దాన్ని మోసుకొచ్చింది! అక్కడి ప్లగ్గు మన బోర్డులో పట్టనే లేదు.

ఇక్కడ దాంతో పనేముంది? ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు వందల లక్స్‌లోనే ఉంటుంది. మిద్దెక్కితే మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లో. పైసా ఖర్చు లేదు, శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చోవచ్చు.

చికాగోలో మాత్రం బాక్సే నయం. జనవరిలో ఏడింటికి కూడా సూర్యుడు రాడు, బయటేమో మంచు. అయితే బైపోలార్ సమస్య (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే మానసిక జబ్బు), కంటి జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా బాక్స్ జోలికి పోకూడదు.